కొక్కొరొకో కాదు... ఇది నల్లమల కూత!

ఒకటి నిప్పు, ఇంకొకటి నివురు. ఒకటి గోదావరికి ఆవల, మరొకటి ఈవల. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ రంగు వేరు, కూత వేరు, ఉండే అడవి వేరు. మన పెరట్లో తిరిగే కోడికి తాతముత్తాతలెవరంటే మాత్రం రెండింటి పేర్లూ చెప్పాల్సిందే. అందులో ఒకటి మన పాలమూరు, నల్లగొండ అడవుల్లోనే ఉంది!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి. రాత్రి తొమ్మిదింటికి మూసిన మన్ననూరు చెక్‌పోస్టు గేటు పొద్దున ఆరింటికి తెరుస్తారు. అప్పటిదాకా ఆగిన వాహనాలు ఒక్కొక్కటే అడవిలోకి బయల్దేరతాయి. సరిగ్గా ఆ వేళకే రోడ్డు పక్క వెదురు పొదల్లోంచి ఓ కూత వినిపిస్తుంది. కోడికూతే. కానీ ఎక్కడో తేడా కొడుతుంది. ఊళ్లో పుంజులా 'కొక్కొరొకో...' అని రాగం తీయదు. 'క్కు... కాయా కాయా... క్కుక్కు' అంటూ తెంపి తెంపి కూస్తుంది. దగ్గర్లో ఊరేదైనా ఉందేమో అని అటూ ఇటూ చూస్తే చుట్టూ చెట్లు తప్ప ఏమీ కనిపించవు.

అది ఏ ఊరి కోడీ కాదు. నల్లమల అడవికోడి. 'నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లారుతుంది' అనుకుందట వెనకటికో ముసలమ్మ. ఆ ముసలమ్మ పుట్టకముందు నుంచీ, అసలు మనిషి కోడిని పెంచడం మొదలెట్టక ముందు నుంచీ ఈ అడవికి తెల్లారిందని చెబుతున్నది ఇదే!

నలుగురు అన్నదమ్ములు

ప్రపంచం మొత్తమ్మీద అడవికోళ్లు నాలుగే రకాలు. ఎర్ర అడవికోడి, బూడిదరంగు అడవికోడి, శ్రీలంక అడవికోడి, ఇండోనేషియాలోని జావా ప్రాంతంలో ఉండే పచ్చ అడవికోడి. మిగతా పిట్టలన్నీ ఎంత కోడిలా కనిపించినా ఈ కుటుంబంలోవి కావు. నల్లమలలోనే జిట్టకోళ్లని రెండు రకాలున్నాయి. వాటినీ కొందరు అడవికోళ్లనే అంటారు కానీ అవి దూరపు చుట్టాలు. అసలు సిసలు కోళ్లు ఆ నాలుగే.

ఆ నాలుగింటిలో రెండు మన దేశంలో ఉన్నాయి. ఎర్రకోడిది పెద్ద సంసారం. హిమాలయాల దిగువ అడవుల నుంచి అస్సాం దాకా, అటు నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, ఇండోనేషియా వరకూ దాని చుట్టాలే. బూడిదకోడి అలా కాదు. అది మన దేశం దాటి ఎక్కడా లేదు. రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ నుంచి కన్యాకుమారి వైపు పడమటి కనుమలు, ఇటు దక్కన్ కొండలు, తూర్పు కనుమల దక్షిణ భాగం... అంతే దాని ప్రపంచం. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి, నల్లగొండ జిల్లా చందంపేట వైపు కొండలు ఆ ప్రపంచంలో భాగం. 2016లో జిల్లాలు మారాక అమ్రాబాద్, అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లాయి. కోడి మాత్రం ఉన్నచోటే ఉంది!

గోదారి గట్టే సరిహద్దు

రెండింటికీ మధ్య గీత ఎక్కడ? పక్షుల పుస్తకాలన్నీ చెప్పే మాట ఒకటే... మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కొండలు, అక్కణ్నుంచి గోదావరి. నదికి ఉత్తరాన తూర్పు కనుమల్లో, అంటే పాడేరు, అరకు వైపు మన్యంలో తిరిగేది ఎర్రకోడి. దక్షిణాన నల్లమల, శేషాచలం కొండల్లో ఉండేది బూడిదకోడి. గోదావరి చుట్టుపక్కల అడవుల్లో మాత్రం అక్కడక్కడా రెండూ ఎదురుపడతాయి. అలాంటిచోట్ల అరుదుగా ఒకదానితో ఒకటి జతకట్టడమూ ఉంది.

ఇంతకీ నది మీదుగా ఎగరలేకనా ఈ పంపకం? కాదు. అసలు సంగతి చెట్లలో ఉంది. ఉత్తర భారతంలో, ఒడిశా వైపు సాలవృక్షాల అడవులెక్కువ. దక్షిణాదిలో టేకు, నల్లమద్ది, వెదురు కలిసిన అడవులు. సాలవృక్షం ఉన్నంత మేరా ఎర్రకోడి, అది ఆగిపోయి టేకు మొదలైన దగ్గర్నుంచి బూడిదకోడి... ఇదీ శాస్త్రజ్ఞులు గమనించిన లెక్క. దీనికి పచ్‌మఢీ మంచి ఉదాహరణ. చుట్టూ టేకు అడవుల నడుమ అక్కడ విడిగా ఓ సాలవనం ఉంది. ఎర్రకోడి కూడా తన మిగతా బంధువర్గానికి దూరంగా అక్కడ కాపురముంది!

నిజాం కాలంలో ఈ ప్రాంతపు పక్షుల లెక్క తీసింది సాక్షాత్తూ సలీం అలీ. హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే కోసం 1931-32లో ఆయన ఊరూరా, అడవి అడవీ తిరిగారు. అమ్రాబాద్ పీఠభూమి మీద కూడా మకాం వేశారు. ఆ వివరాలు తర్వాత రెండేళ్లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆయన తిరిగిన ఫరహాబాద్ నిజాం వేట విడిది. ఇప్పుడు పర్యాటకులు జీపుల్లో వెళ్లి లోయను చూసి వస్తున్నది అక్కడికే.

చూస్తే తెలిసిపోతుంది

ఎర్రకోడి పుంజును ఎవరైనా మొదటిసారి చూస్తే 'ఇది మా ఊళ్లో కోడే కదా' అంటారు. మెడ మీద బంగారు, నారింజ రంగుల ఈకలు. వీపు ముదురెరుపు. కొడవళ్లలా వంగిన తోక ఈకలు నలుపు మీద పచ్చగా మెరుస్తుంటాయి. పందెంరాయుళ్ల లెక్కలో చెప్పాలంటే అచ్చంగా డేగ. తోక మొదట్లో మాత్రం దూదిపింజలా తెల్లటి కుచ్చు ఉంటుంది. పొదలోంచి లేచి ఎగిరిపోయేటప్పుడు మొదట కంటపడేది అదే. కాళ్లు పలకరంగులో నల్లగా ఉంటాయి.

బూడిదకోడి పుంజు దగ్గరికొస్తే కథ మారుతుంది. దూరం నుంచి చూస్తే ఒళ్లంతా బూడిద పూసుకున్న జంగమయ్యలా ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం. ప్రతి ఈక మీదా సన్నటి తెల్లగీత. మెడ ఈకల చివర మైనం చుక్క వేసి సాగదీసినట్టు పసుపు, తెలుపు బొట్లు. అవి మామూలు ఈకల్లా మెత్తగా ఉండవు, లక్క పూసినట్టు గట్టిగా, నున్నగా ఉంటాయి. ఎండ పడితే నల్లటి చీర మీద జరీ చుక్కల్లా మెరుస్తాయి. తోకది ఊదా కలిసిన నలుపు. తల మీది ఎర్రజుట్టు ఎర్రకోడికున్నంత లోతైన రంపపు పళ్లతో ఉండదు. కాళ్లు మాత్రం ఎరుపు, పసుపు కలిసిన రంగు.

పెట్టల్ని గుర్తుపట్టడమే కొంచెం కష్టం. రెండూ గోధుమరంగే. గుడ్ల మీద కూర్చున్నప్పుడు ఎండుటాకుల్లో కలిసిపోవాలి కాబట్టి వాటికి సింగారాలు ఉండవు. అయితే బూడిదకోడి పెట్ట రొమ్మును చూడాలి. తెల్లటి ఈకలకు నల్లటి అంచులతో చేపపొలుసుల్లా ఉంటుంది. కాళ్లు పసుపు. ఎర్రకోడి పెట్టకు ఆ పొలుసులుండవు, రొమ్మంతా ఎర్రమట్టి రంగు.

రెక్కలు కొట్టేది ఒకటి... కొట్టనిది ఒకటి

ఊళ్లో పుంజు కూసేముందు ఏం చేస్తుంది? ఎత్తయిన చోటు చూసుకుని ఎక్కుతుంది. రెక్కలు టపటపా కొట్టుకుంటుంది. తర్వాత మెడ చాచి కూత అందుకుంటుంది. ఎర్ర అడవికోడిదీ అదే వరస. కూత కూడా ఊరికోడిదే, కాకపోతే చివరి రాగం సాగదీయకుండా టక్కున ఆపేస్తుంది. బూడిదకోడి అలా రెక్కలు కొట్టదు. చప్పుడు చేయకుండా నిలబడి తన తెంపుల కూత తను కూసేసి ఊరుకుంటుంది. కళ్లు మూసుకుని విన్నా చాలు, ఏ కోడో చెప్పేయొచ్చు.

మిగతా సంసారం రెండింటిదీ దాదాపు ఒకటే. పొద్దున్నే, సాయంత్రం నేల మీద గీరుతూ తిరుగుతాయి. గింజలు, రాలిన పండ్లు, చెదలు, ఉసిళ్లు, పురుగులు... ఏది దొరికితే అది. వెదురు పూసి గింజ రాలితే ఎక్కడెక్కడి కోళ్లూ అక్కడ చేరతాయి. మనిషి అలికిడి వింటే ఎగరవు, ముందు పరుగే. తప్పనిసరైతేనే రెక్కలకు పని. చీకటి పడితే మాత్రం చెట్టెక్కి పడుకుంటాయి. ఊళ్లో కోళ్లు సందె వేళ గూడు దొరక్కపోతే చింతకొమ్మ ఎక్కడం చూస్తుంటాం కదా... అది అడవి నుంచి వచ్చిన అలవాటే.

బూడిదకోళ్లు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా గుడ్లు పెడతాయి. గూడంటే పెద్ద కట్టడమేం కాదు. పొద కింద నేలలో చిన్న గుంట, అందులో నాలుగు ఎండుటాకులు. నాలుగు నుంచి ఏడు దాకా గుడ్లు. పొదిగేది ఇరవై ఒక్క రోజులు. ఊళ్లో గంప కింద కోడిని పొదగేసిన ఏ అమ్మమ్మనడిగినా చెప్పే లెక్కే ఇది!

వానాకాలం వైరాగ్యం

ఈ పుంజులకు ఓ వింత అలవాటుంది. ఎండాకాలమంతా మెడ ఈకలు విరబోసుకుని రొమ్ము విరుచుకు తిరిగే పుంజు, జూన్ వచ్చేసరికి ఆ అందమంతా రాల్చేసుకుంటుంది. మెరిసే మెడ ఈకల స్థానంలో పొట్టి నల్ల ఈకలు మొలుస్తాయి. తల మీది జుట్టు కూడా వన్నె తగ్గుతుంది. వానాకాలమంతా సన్యాసిలా గుట్టుగా తిరిగి, మళ్లీ చలికాలానికి కొత్త బట్టలు కట్టుకుంటుంది. ఎర్రదైనా, బూడిదదైనా అంతే.

ఊరికోడికి ఇలా వేషం మార్చే అలవాటు పోయింది. అందుకే ఈ వానాకాలపు వేషం శాస్త్రజ్ఞులకు ఓ గీటురాయి అయింది. 1998లో అమెరికా పరిశోధకులు పీటర్సన్, బ్రిస్బిన్ మ్యూజియాల్లో దాచిన ఎర్రకోడి చర్మాలెన్నో ముందేసుకుని ఈ గుర్తు కోసం వెతికారు. ఆగ్నేయాసియా వైపు చాలాచోట్ల నూరేళ్లకు ముందే ఈ గుర్తు మాయమవుతూ వచ్చిందని తేల్చారు. కారణం... ఊరికోళ్లతో కలిసిపోవడమే. పైకి అడవికోడే. లోపల మాత్రం ఊరి రక్తం!

తాత ఎవరు?

ఇప్పుడు అసలు ప్రశ్న. మనింటి కోడి ఈ రెండింటిలో ఎవరి సంతానం?

ఫ్రెంచి యాత్రికుడు పియరీ సొనరా మన దేశంలో తిరిగి, 1782లో అచ్చేసిన పుస్తకంలో బూడిదకోడి గురించి రాశాడు. ఊరికోళ్లకు ఇదే మూలం అనుకున్నాడు. ఆయన పేరే తర్వాత ఆ పిట్ట శాస్త్రీయ నామంలో చేరింది... గాలస్ సొనరాటై. వందేళ్లు తిరక్కుండానే ఛార్లెస్ డార్విన్ ఆ మాట కొట్టేశాడు. 1868లో వెలువరించిన గ్రంథంలో, ఇంటికోళ్లన్నిటికీ ఎర్ర అడవికోడే మూలపురుషుడన్నాడు. రంగు కలుస్తోంది, కూత కలుస్తోంది, ఇంటికోడితో కలిపితే పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుడుతున్నాయి. బూడిదకోడితో అయితే అంత సులువుగా సంతానం నిలవడం లేదు. అందుకని దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ తీర్పే నూట నలభై ఏళ్లు నడిచింది.

2008లో కథ మలుపు తిరిగింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఓ చిన్న ప్రశ్న వేసుకున్నారు. ఎర్ర అడవికోడి కాళ్లు నల్లగా ఉంటే, ప్రపంచంలో కోట్లాది ఇంటికోళ్ల కాళ్లు పసుపుగా ఎందుకున్నాయి? కోడి తినే గింజల్లో, ఆకుల్లో పసుపురంగు పదార్థాలుంటాయి. ఎర్రకోడి చర్మంలో ఉండే ఓ ఎంజైమ్ ఆ రంగును విరగ్గొట్టేస్తుంది. పసుపు కాళ్ల కోళ్లలో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు చర్మం వరకూ పనిచేయడం మానేస్తుంది. దాంతో రంగు అక్కడే నిలిచిపోతుంది. మరి ఆ రకం జన్యువు ఎక్కణ్నుంచి వచ్చిందని వెతికితే... ఎర్రకోడిలో దొరకలేదు. బూడిదకోడిలో దొరికింది!

అంటే డార్విన్ చెప్పింది చాలావరకు నిజమే, సొనరా మాట కూడా పూర్తిగా తప్పేం కాదు. తాత ఎర్రకోడే. కానీ పసుపు కాళ్లు మాత్రం బూడిదకోడి ఇచ్చిన ఆస్తి. దాని ఇల్లు దక్షిణ భారతం తప్ప మరోటి కాదు కాబట్టి ఆ కలయిక జరిగింది కూడా ఈ నేల మీదే అయ్యుండాలి.

తర్వాతి పరిశోధనలు బొమ్మను ఇంకాస్త స్పష్టం చేశాయి. 2020లో ఎనిమిది వందలకు పైగా కోళ్ల జన్యుపటాలను పోల్చి చూశారు. ఇంటికోడి ముఖ్యంగా నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతపు ఎర్రకోడి నుంచి వచ్చిందని తేలింది. 2022లో పురావస్తు శాస్త్రజ్ఞులు పాత ఎముకలన్నీ మళ్లీ పరిశీలించారు. కచ్చితంగా ఇంటికోడివే అని చెప్పగల తొలి ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయన్నారు. వాటి వయసు క్రీస్తుపూర్వం 1650-1250 మధ్య. మనిషి మెట్ట వరి, చిరుధాన్యాలు పండించడం మొదలుపెట్టాక ఆ గింజల ఆశకు అడవికోడి తానే ఊళ్లోకి వచ్చిందని వారి అంచనా. అటు నుంచి తరలివచ్చిన ఇంటికోడి మన దేశం చేరాక బూడిదకోడి ఎదురైంది. పసుపు అంటింది!

ఇక్కడే ఓ తమాషా ఉంది. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్లఫారాలెన్నో. అదీ పాత పాలమూరు జిల్లానే. ఆ షెడ్లలో పెరిగే తెల్ల బ్రాయిలర్ కోడి విదేశీ రకం. అయినా కాళ్లు చూడండి... పసుపు. నూరు కిలోమీటర్ల అవతల అమ్రాబాద్ పొదల్లో తిరిగే కోడి జాతి ఎప్పుడో ఇచ్చిన గుర్తును అది ప్రపంచమంతా తిరిగి మళ్లీ పాలమూరుకే మోసుకొచ్చింది!

ఈకకు ఎసరు

బూడిదకోడి అందమే దానికి శత్రువైంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ దొరలకు సాల్మన్ చేపల్ని గాలం వేసి పట్టడం పెద్ద సరదా. ఆ గాలానికి ఈకలతో ఈగ బొమ్మ కడతారు. లక్క పూసినట్టుండే బూడిదకోడి మెడ ఈక నీళ్లలో చిన్న చేప కన్నులా మెరుస్తుందని దానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బ్రిటిష్ కాలంలో లెక్కలేనన్ని పుంజుల మెడలు ఓడలెక్కాయి. ఇప్పుడు ఆ ఎగుమతి మన దేశంలో నిషేధం. అంతర్జాతీయ వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలోనూ ఈ కోడి ఉంది. గాలాలవాళ్లు విదేశాల్లో పెంపకం కోళ్ల ఈకలతో సరిపెట్టుకుంటున్నారు.

మాంసం కోసం వేట మాత్రం పాత ముచ్చటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎర్రదైనా, బూడిదదైనా అడవికోడిని పట్టడం, చంపడం, అమ్మడం జైలుకు దారితీసే నేరం. అయినా ఉచ్చులు ఆగలేదు. 'నాటుకోడి కన్నా రుచి' అన్న ఒక్క మాట చాలు, కొనేవాళ్లు తయారవుతారు. కిలో బరువు కోడి కోసం పన్నిన తీగ ఉచ్చులో కోడే పడాలన్న రూలేం లేదు. కుందేలు, జింకపిల్ల, ముళ్లపంది... ఏదైనా పడుతుంది.

అడవిని నమ్ముకున్న చెంచుల సంగతి వేరు. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ చెంచుపెంటల్లో ఉండి, 1943లో వారి మీద పుస్తకం తెచ్చిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ వర్ణించింది దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, విల్లంబులతో చిన్న చిన్న వేట చేసుకుని ఏ పూటకాపూట బతికే జనాన్ని. ఆకలికి ఒకటి కొట్టడానికీ, అమ్మకానికి వరసగా ఉచ్చులు పన్నడానికీ చాలా తేడా ఉంది. ఇవాళ అదే చెంచుల్లో ఎంతోమంది అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులు. ఉచ్చు ఎక్కడుందో, ఏ కూత ఎటు నుంచి వచ్చిందో వాళ్ల చెవికీ కంటికీ తెలిసినంతగా మరొకరికి తెలియదు.

నిప్పు... జబ్బు... రక్తం

1983 నుంచి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉన్న ఈ అడవి, రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా మారింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. పులికి దొరికిన కాపలా కోడికీ దొరికింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ మూడు ముప్పులు మాత్రం గేట్లు, చెక్‌పోస్టులు చూసి ఆగేవి కావు.

మొదటిది నిప్పు. ఎండాకాలంలో నల్లమల ఎండుటాకుల దుప్పటి కప్పుకుంటుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన మంట, తునికాకు చిగురు బాగా రావాలని వేసిన అగ్గి, దారిన పోయేవాళ్లు ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క... ఏదైనా చాలు. పులి పారిపోగలదు. జింక పారిపోగలదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద గుడ్లు పొదుగుతున్న కోడిపెట్ట? అది లేచిపోయినా గుడ్లు లేచిపోలేవు. కారుచిచ్చు కాలమూ, కోడి పొదిగే కాలమూ ఒకటే కావడమే ఇక్కడి విషాదం.

రెండోది జబ్బు. ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు వస్తే రాత్రికి రాత్రే గంపలు ఖాళీ అవుతాయి. అడవి అంచు పల్లెల్లో, పెంటల్లో ఇంటికోళ్లు మేత కోసం తిరిగే చోటికే అడవికోళ్లూ వస్తాయి. ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటడానికి పెద్ద దూరమేం లేదు. ఇంటికోళ్లకు టీకా చుక్కలు వేయించడం వాటికే కాదు, అడవిలోని చుట్టాలకూ కాపుదలే.

మూడోది కంటికి కనిపించనిది. ఇంటికోడిలో బూడిదకోడి రక్తం ఉన్నట్టే, బూడిదకోడిలోకి ఇంటికోడి రక్తం కూడా చేరిందని 2020లో వెలువడిన మరో జన్యు పరిశోధన చెప్పింది. ఒకప్పుడు అడవి ఊరికి అప్పిచ్చింది. ఇప్పుడు ఊరు ఆ అప్పును అడవి కోరని రూపంలో తిరిగిస్తోంది. ఆగ్నేయాసియాలో ఎర్రకోడికి పట్టిన గతి చూశాక ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. అడవి ఉంటుంది, కోడీ ఉంటుంది, కూత కూడా వినిపిస్తుంది. కానీ అది ఆ కోడి కాదు, ఆ కూతా కాదు!

ఐయూసీఎన్ జాబితాలో రెండు కోళ్లూ ఇప్పటికైతే పెద్దగా ముప్పు లేనివాటి వరసలోనే ఉన్నాయి. కాకపోతే రెండింటి సంఖ్యా తగ్గుతోందన్నది కూడా ఆ జాబితా చెప్పే మాటే. ఎర్రకోడి ఒకచోట తగ్గినా దానికి ఆసియాలో సగం ఇల్లే. బూడిదకోడికి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ పోతే ఇంకెక్కడా లేదు.

ఇలా గుర్తుపట్టండి

మెడ: ఎర్రకోడి పుంజుకు బంగారు, నారింజ ఈకలు. బూడిదకోడికి నల్లటి ఈకల మీద పసుపు, తెలుపు చుక్కలు.

ఒళ్లు: ఎర్రకోడిది ముదురెరుపు, తోక మొదట్లో తెల్లకుచ్చు. బూడిదకోడిది తెల్లటి సన్నగీతలున్న బూడిదరంగు.

కాళ్లు: ఎర్రకోడివి నలుపు. బూడిదకోడి పెట్టవి పసుపు, పుంజువి ఎరుపు కలిసిన పసుపు.

పెట్ట రొమ్ము: ఎర్రకోడిది మట్టిరంగు. బూడిదకోడిది తెలుపు మీద నల్లటి పొలుసులు.

కూత: ఎర్రకోడి రెక్కలు కొట్టి కూస్తుంది, ఊరికోడి కూతే కానీ చివర తెగుతుంది. బూడిదకోడి రెక్కలు కొట్టదు, కూత ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

చోటు: గోదావరికి ఉత్తరాన సాలవనాల వైపు ఎర్రకోడి. దక్షిణాన టేకు, వెదురు అడవుల్లో బూడిదకోడి.

ఒక్క నిమిషం ఆగితే...

ప్రపంచంలో ఏ క్షణాన లెక్కపెట్టినా రెండు వేల కోట్లకు పైగా ఇంటికోళ్లు ఉంటాయట. భూమ్మీద ఇన్ని ఉన్న పిట్ట మరొకటి లేదు. వాటిలో ఎన్నిటికో కాళ్లకు పసుపు పూసిన కోడి మాత్రం శ్రీశైలం దారిలో పొదల చాటున తలదాచుకుంటోంది. ఈసారి ఆ దారిన వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక బండి కాస్త నెమ్మదిగా నడపండి. రోడ్డు మీద గింజలు, తినుబండారాలు పారేయకండి. వాటి కోసం వచ్చే కోడి చక్రాల కింద పడుతుంది. పాట ఆపి, అద్దం దించి వినండి. తెంపి తెంపి ఓ కూత వినిపిస్తే పిల్లలకు చెప్పండి...

ఊరేదీ దగ్గర్లో లేదు నాన్నా, మనింటి కోడి చుట్టాలిల్లు ఇదే అని!